గృహశిల్పము: తొలి గీతకు తగిన లోహము



ఈ నెల వ్యాసమును నేను చేసిన యొక తప్పుతో మొదలుపెట్టుచున్నాను. మా యింట వెండి కుంకుమభరిణె యొకటి కలదు. పెండ్లినాడు మా యత్తగారికి పుట్టింటివారు పెట్టినది. మా అమ్మాయికి పదియవయేడు నిండిన దినమున దాని మూతపై పిల్ల పేరు నా చేతితో చెక్కి యిత్తునని మాట యిచ్చితిని. అత్తగారు మారుమాట లేక భరిణెను నా చేతికిచ్చిరి. అంతకుముందు నేను చెక్కినది సబ్బుబిళ్లలమీదను, పాత అల్యూమినియపు డబ్బామూతమీదను మాత్రమే. సబ్బుమీద అక్షరములు ముద్దుగా వచ్చినవి. ఆ గర్వముతో వెండిని ముట్టితిని. మొదటి యక్షరపు వంపులోనే ఉలి జారి, మూత నడిమినుండి అంచువరకు ఒక్క గీత గీచి, నా యెడమచేతి బొటనవ్రేలిని తాకి యాగినది. వ్రేలి గాయము వారములో మానినది. భరిణెమీది గాయము మానునది కాదు. అత్తగారు ఒక్క మాటయు అనక, భరిణెను పమిటచెంగుతో తుడిచి దేవుని గూటిలో పెట్టిరి. తిట్టియుండినచో నాకు సులభముగా నుండెడిది.

లోహముపై చేతితో చెక్కుట నేర్చుకొనదలచిన వారు మొదట అడుగవలసిన ప్రశ్న "ఏమి చెక్కవలెను?" అనునది కాదనియు, "దేనిమీద చెక్కవలెను?" అనునదియే యనియు నాకు ఆ దినమున తెలిసినది. గృహస్థుల యిండ్లలో ధనము మితముగా నుండును. బడిపంతులుగారి జీతముతో సంసారము నడుపు నాకు ఆ మితము బాగుగా తెలియును. కావున కొద్దిపాటి ఖర్చుతో అభ్యాసమునకు తగిన లోహము నెట్లు ఎన్నుకొనవలెనో, తప్పుచేసి నేర్చినదంతయు ఇందు వ్రాయుచున్నాను.

కాకినాడలో మా వీధికి దగ్గరనున్న పాత్రల దుకాణపు అరుగుమీద వృద్ధుడొకడు కూర్చుండును. బిందెలమీద, చెంబులమీద పేర్లు చెక్కుటయే ఆయన జీవనము. సారె సామానుమీద పిల్ల పుట్టింటిపేరుతో సహా వ్రాయించు ఆచారము మన జిల్లాలలో నేటికిని ఉన్నది గాని, స్టీలు పాత్రలు వచ్చిన తరువాత విద్యుత్తుతో గిఱ్ఱున కదలు కలముతో ఆ పని క్షణములో ముగియుచున్నది. ఆయన చేతియులికి ఇప్పుడు పని తక్కువ. భరిణెమూతను ఆయనకు చూపి, "తాతగారూ, దీనిని బాగుచేయగలరా?" అని యడిగితిని. ఆయన దానిని వెలుతురుకు త్రిప్పి చూచి, "బాగుచేయుట తరువాత సంగతి. దేనిమీద నేర్చినారమ్మా?" అనెను. చెప్పితిని. ఆయన నవ్వలేదు. "సబ్బు మీ చేతికి భయము లేకుండ చేసినది. అల్యూమినియము మీ యులిని మొద్దు చేసినది. ఇక వెండిది తప్పేమున్నది?" అని, సంచిలోనుండి అరచేయంత రాగిరేకు తీసి నా చేతిలో పెట్టెను. దాని రెండువైపులను తలవెండ్రుకంత దగ్గరగా గీతలుండెను. అది ఆయన చిన్ననాటి అభ్యాసపు రేకట.

అభ్యాసలోహమునకు రెండు గుణములుండవలెను. మొదటిది, పాడైనను మనసు కలుక్కుమననంత చవకదై యుండుట. వెల యెక్కువైనచో చేయి బిగిసికొనును. బిగిసిన చేతికి వంపు రాదు. రెండవది, రేపు మనము నిజముగా చెక్కబోవు లోహమునకు దగ్గర స్వభావము కలిగియుండుట. మొదటి గుణము మాత్రమే చూచి సబ్బును, మైనమును, అల్యూమినియమును పట్టుకొన్నచో చేతికి పొరపాటు అలవాట్లు పట్టును. రెండవదానిని మాత్రమే చూచి వెండిని పట్టుకొన్నచో నా కథయే మీకును జరుగును. రెండును కలసియున్నది రాగి.

రాగి కాఠిన్యము మోస్ అను కొలతలో ఇంచుమించు 3. వెండిది రెండున్నరకు, మూడునకు నడుమ. అనగా రాగిపై అలవడిన బలము వెండిపై అక్కరకు వచ్చును. అయితే కాఠిన్యమొక్కటియే చాలునని తలపవలదు. అల్యూమినియపు సంఖ్యయు మూడునకు దగ్గరదే. అయినను అది జిగటలోహము. తెగిన పొరక యులిమొనకు అంటుకొని, తరువాతి గీతను చించివేయును. అదియుగాక గాలి తగిలిన వెంటనే దానిపై పలుచని భస్మపుపొర యేర్పడును. కెంపులలోను, కురువిందములోను ఉన్న పదార్థమే అది. కంటికి కనబడనంత పలుచనిదైనను ఉక్కుమొనను అరగదీయును. మెత్తనిదని దానిని తెచ్చుకొన్న నేను మోసపోయినది ఇందువలననే.

రాగిమీద చెక్కుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. వేంగీ చాళుక్యుల దానశాసనములు రాగిరేకులమీదనే చెక్కబడినవి. రేకులకు చిల్లు పొడిచి కడియమునకు గ్రుచ్చి, దానిపై వరాహలాంఛనముగల ముద్ర వేసెడివారు. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు కోనసీమయందలి నందంపూడి నిచ్చిన శాసనమును నన్నయభట్టారకుడు రచించెను. తిరుమలయందు తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిరేకులమీద చెక్కబడి, ఆలయములోని భాండారమున శతాబ్దములు మరుగుననుండి 1922లో వెలికివచ్చినవి. నేడు మనము పాడుకొను అన్నమాచార్యుని పాటలు ఆ రేకులవలననే దక్కినవి. సుభద్రాకల్యాణము రచించిన తిమ్మక్క యింటి సొత్తు అది యని తలచినపుడు మనవంటి వారికి మరింత ఆప్యాయముగా నుండును. రాగి త్రుప్పుతో రాలిపోదు, ఉలికి లొంగును, తప్పుపడినచోట తట్టి చదునుచేసి మరల చెక్కుటకు వీలిచ్చును. అట్లు దిద్దిన జాడలు పూర్వశాసనములలో అక్కడక్కడ కనబడుచునే యున్నవి. రాజుగారి శాసనమునందే దిద్దుబాటు ఉన్నపుడు మన తొలిగీతలు వంకరపోయినవని సిగ్గుపడ నక్కరలేదు.

ఇక రాగి దొరకు తావులు. క్రొత్తరేకు లోహపు దుకాణములలో తూకమునకు అమ్ముదురు. ఒక మిల్లీమీటరు మందముగలది అడుగుడు. అంతకంటె పలుచనైనచో ఉలి ఒత్తిడికి వంగును. అయిదు సెంటీమీటర్ల చదరపు బిళ్ల యొకటి ఇంచుమించు 22 గ్రాములు తూగును. కిలో రేకునకు నలువదినాలుగు బిళ్లలు వచ్చును. అన్ని బిళ్లలు ఒక్కసారి అక్కరలేదు. పావుకిలోకు పదునొకండు వచ్చును, మొదటి మూడు నెలలకు అవియే చాలును. విద్యుత్తుపనివారి సామాను దుకాణములలో మెరుపునుండి కట్టడములను కాపాడుటకు భూమిలోనికి దింపు రాగిపట్టీ దొరకును. ఇరువదియైదు మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందముగల పట్టీ సామాన్యముగా నుండును. మందమైనది గనుక వంగదు. మురిగిన చోట జానెడు ముక్క అడిగిన చాలును.

అన్నిటికంటె చవకది మన అటుకమీదనే యుండును. మా యింట అడుగు చిల్లుపడిన రాగి నీళ్లకాగు పండ్రెండేండ్లుగా ధూళిపట్టి యుండెను. పాతసామాను కొనువానికి వేసినచో క్రొత్తరాగి వెలలో కొంతభాగమే వచ్చును. దానిని రేకుపని చేయువానికిచ్చి కత్తెరతో బిళ్లలుగా కత్తిరింపించితిని. అంచులు చేతికి కోసికొనకుండ ఆకురాయితో రాచుకొంటిని. పాతపాత్రను వాడునపుడు మాత్రము మూడు జాగ్రత్తలు కావలెను. లోపలివైపు కళాయి పూసియుండును. అది తగరము, మిక్కిలి మెత్తనిది, ఉలికి తప్పుడు జ్ఞానమిచ్చును. కావున వెలుపలివైపుననే చెక్కుడు. మాటు వేసినచోట సీసముండవచ్చును. ఆ ముక్కను కత్తిరించి పారవేయుడు. తాతముత్తాతల పేరో, తేదీయో చెక్కియున్న పాత్రనైతే ముట్టనే ముట్టవలదు. అటువంటిది చిల్లుపడినను అభ్యాసవస్తువు కాదు.

కాగు ముక్క వంకరగా నుండును. కళాయిలేని రాగిని మసకయెరుపు కనబడువరకు పొయ్యిమీద పట్టుకారుతో కాల్చి నీటిలో ముంచినచో మెత్తబడును. ఉక్కును అట్లే కాల్చి నీటిలో ముంచగా గట్టిపడును. రాగికి ఆ గుణము లేదు. ఎరుపు పగటివెలుతురులో కనబడదు గనుక మసకచీకటిలో కాల్చవలెను. పైబడిన నల్లని పొరను, మన వంటపాత్రలను తోమునట్లే, చింతపండుతోను ఉప్పుతోను తోమి, కడిగి, తడిలేకుండ తుడువవలెను. తరువాత చదునైన దిమ్మెపై నుంచి కొయ్యసుత్తితో తట్టినచో సమమగును. తట్టుకొలది రాగి కొంత గట్టిపడుట మేలే. మిక్కిలి మెత్తని రాగి ఉలిముందు ముద్దగా లేచును; కొంచెము బిగువుగలది శుభ్రముగా తెగును. దుకాణపు క్రొత్తరేకు సాధారణముగా తగినంత బిగువుతోనే యుండును గనుక దానిని కాల్చ నక్కరలేదు.

బిళ్లను చేతిలో పట్టుకొని చెక్కరాదు. కొయ్యదిమ్మెపై లక్కను కరగించి పరచి, బిళ్లను కొంచెము వెచ్చచేసి అతికింపవలెను. మరల వెచ్చచేసినచో ఊడివచ్చును. ఎడమచేయి ఎన్నడును ఉలిమొనకు ఎదురుగా నుండరాదు. నా వ్రేలిమీది మచ్చ ఈ వాక్యమునకు సాక్ష్యము. కండ్లకు అద్దములుండవలెను. పొరకలు సూదులవలె నుండును గనుక వంటయింట కాక, కిటికీదగ్గర పాతగుడ్డ పరచుకొని కూర్చుండి, పిమ్మట గుడ్డను బయట దులుపవలెను. పసిపిల్లలు ప్రాకు నేలమీద ఈ పని పెట్టుకొనవలదు.

మొదటి బిళ్లమీద అక్షరము వ్రాయవలదు. రెండు మిల్లీమీటర్ల యెడముతో నిలువుగీతలు గీయుడు. ఒక్కవైపున ఇరువదినాలుగు పట్టును. గీతలలో కాటుక రుద్ది పైని తుడిచి చూడుడు. కాటుక నిండినచోట లోతు, పలుచబడినచోట ఉలి పైకి తేలినది, చివర మెరక కనబడినచో ఉలి ఆగి లేచినది. ఎవరును చెప్పకుండగనే మీ తప్పు మీకు కనబడును. చక్కని గీతలో రాగిపొరక ఉలిముందు చిన్నచుట్టవలె లేచి వచ్చును. అది ముక్కలై చినిగినచో లోహమును నిందింపకముందు ఉలిమొనను బొటనవ్రేలి గోటిమీద మెల్లగా ఆనించి చూడుడు. గోటిని పట్టుకొన్నచో పదునున్నది, జారినచో నూరవలెను. రాగి తెగునపుడు పట్టుగా నున్నచో ఉలిమొనను ఒక బొట్టు నూనెలో ముంచుడు.

రెండువైపులును నిండిన బిళ్లను పారవేయవలదు. నీటికాగితము అని దుకాణములలో అమ్ము గరుకుకాగితమును తడిపి, మొదట 220, పిమ్మట 400, కడపట 600 నంబరుతో చదునుబల్లపై రుద్దినచో లోతులేని గీతలు పోయి మరల అద్దమగును. నా మొదటి బిళ్ల అయిదుమారులు అట్లు పునర్జన్మ యెత్తినది.

నిలువుగీతల పిమ్మట మెలికల ముగ్గు చెక్కుడు. అయిదు చుక్కలు పెట్టి వానిచుట్టు తిరుగు మెలికకంటె మంచి వంపుల పాఠము నాకు కనబడలేదు. అయితే ముగ్గునందు చేయి తిరుగును, నేల కదలదు. ఇచట ఉలి యొక్కదిశనే పోవుచుండగా ఎడమచేయి దిమ్మెను త్రిప్పవలెను. తాటియాకుపై గంటముతో వ్రాసిన పూర్వులు ఎడమచేతితో ఆకును నడిపినట్లే యని తలచుకొన్నచో త్వరగా పట్టుబడును. అటుపిమ్మట సున్న, తరువాత ఠ, ర, ప, వ. అందరును మొదట చెక్కగోరునది శ్రీకారము. అన్నిటికంటె కష్టమైనదియు అదే. దానిని కడపటికి ఉంచుకొనుడు.

రాగి చేతికి వచ్చిన పిమ్మట ఇత్తడి. ఇది రాగికంటె బిగువు. గీత తళుక్కుమని శుభ్రముగా తెగును. కాని జారినచో దూరము పోవును. అందుకే దీనిని రెండవ మెట్టుగా చెప్పుచున్నాను. రేకు ఇత్తడినే యెన్నుకొనుడు. పోత ఇత్తడిలో కంటికి కనబడని బుడగలుండి ఉలి గుంటలో పడినట్లు దిగును. పెరవలి ప్రాంతపు అజ్జరమునుండి వచ్చు ఇత్తడి సామాను మన జిల్లాల యిండ్లలో ప్రసిద్ధమే. అట్టి మంచి పాత్రను అభ్యాసమునకు బలిపెట్టవలదు, సొట్టపడిన మూతయో, విరిగిన పళ్లెమో చాలును. ఇత్తడిని ఎఱ్ఱగా కాల్చు ప్రయత్నము ఇంట చేయరాదు. దానిలోని తుత్తునాగము పొగయై రొమ్మునకు హాని చేయును. కొన్ని ఇత్తళ్లలో సులభముగా తెగుటకు సీసము కొద్దిగా కలుపుదురు. కావున పని ముగించి సబ్బుతో చేతులు కడుగక అన్నమునకు కూర్చుండరాదు.

మూడవ మెట్టు జర్మన్ సిల్వర్. పేరులో తప్ప దీనిలో వెండి లేదు. రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. వెండికంటె గట్టిది, రంగు వెండిది. గాజువలె మెరయు తెల్లని పైపై గీత ఎట్లు కనబడునో కంటికి అలవాటగును. పేరంటములలో పంచు చిన్న పళ్లెములు ఏ యింటనైన ఒకటి రెండు మిగిలియుండును. చెక్కుటకు ముందు అడుగున ఒక మూల గీచి చూడుడు. లోపల పసుపురంగు తేలినచో అది ఇత్తడిమీద పూత.

కంచు వలదు, తగరము పాలెక్కువైన మిశ్రమము గనుక గట్టిదియు పెళుసుదియు. స్టీలు వలదు, అది చెక్కుకొలది మరింత బిగియును, మామూలు ఉక్కుమొన దానిమీద విరుగును. సీసము ఎంత మెత్తనిదైనను విషము. చలామణిలోనున్న నాణెములమీద చేయి చేసికొనవలదు. వానిని కరగించుటను, ధ్వంసము చేయుటను 2011వ సంవత్సరపు నాణెముల చట్టము నిషేధించుచున్నది.

ఇక భరిణె మాట. సంక్రాంతి పోయి వర్షాకాలము వచ్చువరకు నేను రోజునకు అరగంట, మధ్యాహ్నపు పనులు తీరిన పిమ్మట, కాగుముక్కలమీద కూర్చుంటిని. మా వారు బడినుండి వచ్చి బిళ్లలను పలకలవలె చూచి మార్కులు వేసెడివారు. నాకు తొలినెల అత్తెసరు మార్కులే. అత్తగారు ఆ బిళ్లల నెన్నడును అడుగలేదు. శ్రావణమాసములో ఒక శుక్రవారము పూజ ముగించుకొని, దేవుని గూటిలోనుండి భరిణెను తీసి నా ముందుంచి, "కాగు అయిపోయినదా?" అనిరి. ఇంకను ఇరువది బిళ్లలున్నవని చెప్పితిని. "అవి అయిన తరువాతనే చెక్కుము. పిల్ల పేరు ఆ గీతకు క్రిందుగా రానిమ్ము. గీతను చెరుపవలదు, అది నీవు పెట్టినది" అని భరిణెను మరల గూటిలో పెట్టిరి.

నేడు ఏడు బిళ్లలు మిగిలియున్నవి.

మీ యటుకమీద చిల్లుపడిన రాగిపాత్ర యున్నచో, పాతసామానువానికి వేయకముందు దాని వెలుపలివైపు ఒకసారి చూచుకొనుడు. వచ్చు నెల ఉలిని నూరు విధమును, ఇంట దొరకు సానరాళ్లను గూర్చి వ్రాయుదును.